ఇంగ్లీషు ఇడియమ్స్: రోజూ మాట్లాడడానికి నిజంగా ఏవి కావాలి?

కోనసీమ నర్సు (అమలాపురం)

అందరికీ నమస్కారమండి. నేను ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. యూకే వెళ్దామని ఓఈటీకి, అంటే నర్సులూ డాక్టర్ల లాంటివాళ్లకు పెట్టే ఇంగ్లీషు పరీక్షకు, తయారవుతున్నాను. గ్రామర్ ఫర్వాలేదు. మెడికల్ మాటలు రోజూ వాడేవే కాబట్టి వాటితోనూ బాధ లేదు. ఇబ్బందల్లా ఇడియమ్స్‌తోనే. కోచింగ్‌లో ఒక లావుపాటి పుస్తకం చేతిలో పెట్టి, రోజుకో రెండు పేజీలు అప్పజెప్పమంటున్నారు. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' నుంచి 'కిక్ ద బకెట్' (చనిపోవడం) దాకా అన్నీ ఉన్నాయి అందులో.

మొన్న లిజనింగ్ ప్రాక్టీసులో ఒక ముసలావిడ గొంతు వచ్చింది. 'ఐ హావ్ బీన్ ఎ బిట్ అండర్ ద వెదర్, అండ్ మై వాటర్‌వర్క్స్ ఆర్ ప్లేయింగ్ అప్' అంది. మొదటి ముక్క పుస్తకంలో ఉంది, ఒంట్లో నలతగా ఉందని. రెండో ముక్క ఎంత వెతికినా లేదు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి 'ఇంటి కుళాయి పాడైంది' అని రాసేసింది. మిగతావాళ్లం ఖాళీ వదిలేశాం.

ఇంత పుస్తకం చదివినా అసలైన చోట పనికి రాకపోతే ఎలాగండీ? ఏవి నేర్చుకోవాలి, ఏవి వదిలెయ్యాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

బీటెక్_తణుకు

అక్కా ఆ పుస్తకం పీడీఎఫ్ ఉంటే పెట్టవా? నాకు క్యాంపస్ ఇంటర్వ్యూలున్నాయి.

కాలువగట్టు మాస్టారు (మండపేట)

పీడీఎఫ్ సంగతి తర్వాత నాయనా.

అమ్మా, ముందు ఆ పుస్తకం అటక మీద పెట్టు. నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. పరీక్షలో ఇడియమ్ ఇచ్చి 'సొంత వాక్యంలో ప్రయోగించుము' అని అడిగేవాళ్లం. వందమంది పిల్లలు రాస్తే తొంభైమందివి ఒకటే వాక్యం, గైడులోది. అది భాష కాదు, మార్కుల కోసం కట్టిన మూట.

ఆ పిల్లులూ కుక్కల వాననే తీసుకో. జొనాథన్ స్విఫ్ట్ 1738లో, పెద్దమనుషులు కూర్చుని అరిగిపోయిన మాటలే ఎలా తిప్పితిప్పి వాడుకుంటారో వెక్కిరిస్తూ రాసిన సంభాషణల్లో ఈ మాట కనిపిస్తుంది. అంటే అప్పటికే అది పాతచింతకాయ పచ్చడి. మనవాళ్లు ఇంకా మొదటి పేజీలోనే వడ్డిస్తున్నారు. వాన గట్టిగా పడుతుంటే వాళ్లు 'ఇట్స్ పోరింగ్' అంటారు, పని జరిగిపోతుంది. పూర్వం గడ్డికప్పుల మీద పడుకున్న పిల్లులూ కుక్కలూ వానకు జారి కింద పడేవి కాబట్టి ఆ మాట వచ్చిందని ఒక కథ వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. దానికి ఆధారమేమీ లేదు, క్లాసులో మాత్రం చెప్పకండి.

నేను చెప్పేది ఒకటే. వినడానికి ఒక ఖాతా, మాట్లాడడానికి వేరే ఖాతా పెట్టుకో. చెవికి ఎన్ని తెలిస్తే అంత మంచిది. నోటికి మాత్రం పాతిక ముప్పై చాలు. అవి కూడా బొమ్మ కనిపించని మాటలై ఉండాలి. బకెట్టు, పిల్లి, ఏనుగు, చంద్రుడు ఇలాంటివి కనిపించాయంటే నోటి ఖాతాలోంచి తీసెయ్. 'కీప్ మీ పోస్టెడ్' (ఏ సంగతైనా ఎప్పటికప్పుడు చెబుతూ ఉండు), 'ఇట్స్ అప్ టు యూ' (నీ ఇష్టం), 'ఫెయిర్ ఇనఫ్' (సరే, నువ్వన్నదీ సబబే), 'లెట్ మీ స్లీప్ ఆన్ ఇట్' (రేపు చెబుతాను) ఇలాంటివి చప్పగా ఉంటాయి. రోజూ మోగేవి అవే.

వశిష్ఠ గట్టు (నరసాపురం)

మాస్టారూ, ఒక ప్రశ్న. ఆ పాతిక మాత్రం ఎందుకు? మన ఇంగ్లీషు మనకుంది కదా. 'ఔట్ ఆఫ్ స్టేషన్', 'డూ ద నీడ్‌ఫుల్', 'ప్రీపోన్' ఇవన్నీ మన ఇడియమ్సే. ఢిల్లీ నుంచి చెన్నై దాకా అందరికీ అర్థమవుతాయి. తెల్లవాడు మన 'అప్పడం విరిగినట్టు' నేర్చుకుంటున్నాడా?

భీమవరం_రొయ్య

వశిష్ఠ గారూ, ఢిల్లీ వాడితో అయితే మీరన్నదే రైటు. మా పని అమెరికా బయ్యర్లతో. మేం రొయ్యలు ఎక్స్‌పోర్ట్ చేసే చోట నేను డాక్యుమెంట్లు చూస్తాను, కాల్స్‌లో కూర్చుంటాను.

ఒక కాల్‌లో రేటు గురించి నలుగుతుంటే అవతలివాడు 'లెట్స్ టేబుల్ దిస్' అన్నాడు. మా మేనేజరు ఇంగ్లండు పుస్తకాలు చదువుకున్న పెద్దాయన. టేబుల్ మీద పెట్టి తేల్చేద్దామన్నాడని లెక్క వేసుకుని, షీట్ తెరిచి ఒక్కో కౌంటుకు రేటు చదవడం మొదలుపెట్టాడు. అవతల నిశ్శబ్దం. బ్రిటన్‌లో టేబుల్ చెయ్యడమంటే చర్చకు తేవడం, అమెరికాలో అదే మాటకు ప్రస్తుతానికి పక్కన పెట్టడమని అర్థం. పూర్తిగా రివర్సు! రెండూ ఇంగ్లీషే మళ్లీ.

అసలు కౌంటు దగ్గరే తేడా ఉంది మాకు. చెరువు గట్టు మీద ముప్పై కౌంటంటే కేజీకి ముప్పై రొయ్యలు. వాళ్ల సైజులన్నీ పౌనుకు ఎన్ని అన్న లెక్క. అంకెలకే తర్జుమా కావాల్సి వస్తే మాటల సంగతి చెప్పేదేముంది.

మా పనిలో రోజూ వినిపించేవి: 'బాల్‌పార్క్ ఫిగర్' అంటే ఉజ్జాయింపు రేటు. అడిగింది ఉజ్జాయింపే కదా అని నోటికొచ్చింది చెబితే తర్వాత దాన్నే పట్టుకు కూర్చుంటారు, జాగ్రత్త. 'టచ్ బేస్' అంటే ఒకసారి మాట్లాడుకుందాం. 'ఆన్ ద సేమ్ పేజ్' అంటే ఇద్దరి లెక్కా ఒకటే. ట్యారిఫ్ గొడవలు మొదలయ్యాక 'ప్లే ఇట్ బై ఇయర్' చాలా విన్నాం. ముందే ప్లాన్ ఏమీ లేదు, ఎలా వస్తే అలా చూసుకుందామని.

డాలస్ పాలకొల్లు

రొయ్య గారు చెప్పినవాటిలో బాల్‌పార్కూ, టచ్ బేసూ బేస్‌బాల్ నుంచి వచ్చినవే. ఇక్కడివాళ్ల మాటల్లో సగం ఆ ఆటే. 'కర్వ్‌బాల్' విసిరాడంటే అనుకోని ప్రశ్న వేశాడని. 'స్టెప్ అప్ టు ద ప్లేట్' అంటే బాధ్యత నెత్తినేసుకోవడం. భోజనం ప్లేటు కాదండోయ్.

మనకు క్రికెట్టు వచ్చు కదా అని 'స్టికీ వికెట్' (చిక్కు పరిస్థితి), 'హిట్ ఫర్ సిక్స్' అంటే అమెరికా వాడు తెల్లమొహం వేస్తాడు. అవి ఇంగ్లండులో చెల్లుతాయి.

నాకు అన్నిటికంటే లేటుగా అర్థమైనది 'రెయిన్ చెక్'. వాన వల్ల బేస్‌బాల్ మ్యాచ్ ఆగిపోతే, ఇంకో రోజు వచ్చి చూసుకోమని ఇచ్చే టికెట్టు అది. కాఫీకి రమ్మంటే 'కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్?' అంటారు. ఇవాళ కుదరదు, ఇంకోసారి చూద్దాం అని మర్యాదగా చెప్పడం. ఆ ఇంకోసారి వస్తుందన్న గ్యారంటీ లేదు. అలాగే 'వీ షుడ్ గెట్ టుగెదర్ సమ్‌టైమ్' అంటే పిలుపు కాదు, వీడ్కోలు. మన వైపు 'ఒకసారి ఇంటికి రండి' అన్నామంటే, వరదల సీజనైతే పులస దొరుకుతుందేమోనని రేవుకు కబురు కూడా వెళ్లిపోతుంది. ఇక్కడ తేదీ, టైము చెబితేనే పిలిచినట్టు.

లీడ్స్‌లో లంకమ్మాయి

నర్సు చెల్లీ, ఇది నా పేటలో గొడవ కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను. నాదీ ముమ్మిడివరం వైపే. ఇక్కడ వృద్ధుల వార్డులో పనిచేస్తున్నాను.

ముందు నీ ప్రశ్న. వాటర్‌వర్క్స్ అంటే మూత్రానికి సంబంధించిన వ్యవస్థ మొత్తం. పెద్దవాళ్లు సిగ్గుపడి అలా అంటారు. 'ప్లేయింగ్ అప్' అంటే మొరాయించడం, ఇబ్బంది పెట్టడం. మోకాలైనా, నడుమైనా, కారైనా ప్లే అప్ చేస్తుంది. కాబట్టి ఆవిడ చెప్పింది, ఒంట్లో బాగోలేదు, మూత్రం పోవడంలో ఏదో తేడాగా ఉంది అని. నువ్వు అక్కడ మంట ఉందా, ఎన్నిసార్లు వెళ్తున్నారు, రంగు ఎలా ఉంది అని అడగాలి. కుళాయి అనుకుంటే ఇన్‌ఫెక్షన్ తప్పిపోతుంది.

'స్పెండ్ ఎ పెన్నీ' కూడా ఆ కుటుంబంలోదే. పూర్వం ఇక్కడ పబ్లిక్ టాయిలెట్ తలుపు తెరుచుకోవాలంటే పెన్నీ నాణెం వెయ్యాల్సి వచ్చేది. ఎనభై ఏళ్ల ఆవిడ 'ఐ నీడ్ టు స్పెండ్ ఎ పెన్నీ, లవ్' అంటే పర్సు తీసివ్వకు, కమోడ్ తే.

ఆ 'లవ్' గురించీ చెప్పాలి. యార్క్‌షైర్‌లో అందరినీ లవ్ అంటారు. ఇంకాస్త కిందికి నాటింగ్‌హామ్ వైపు వెళ్తే 'డక్', న్యూకాజిల్ వైపు 'పెట్', స్కాట్లండ్‌లో ఆడవాళ్లను 'హెన్'. ఇవి వేరే ఉద్దేశంతో కాదు. మనవాళ్లు సూది గుచ్చించుకుంటూ 'నెమ్మదిగా తల్లీ' అనరా, అలాంటిదే. కొత్తగా వచ్చిన పిల్లలు మొహం ముడుచుకోవడం చూశాను.

ఇక ఒంటి సంగతులు. 'ఆఫ్ మై ఫుడ్' అంటే తిండి సయించడం లేదు. 'పిన్స్ అండ్ నీడిల్స్' అంటే తిమ్మిరి. 'పూర్లీ' అంటే జబ్బుగా ఉండడం, దానికీ పేదరికానికీ సంబంధం లేదు. 'నాక్డ్ మీ ఫర్ సిక్స్' అంటే ఆ జ్వరం నన్ను చితక్కొట్టేసిందని. డాలస్ గారన్న క్రికెట్టు ఇక్కడ బాగా పనికొస్తుంది.

టైము దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. 'హాఫ్ సెవెన్' అంటే ఏడున్నర. ఆరున్నర కాదు. మాత్ర ఎప్పుడు వేసుకున్నారని అడిగినప్పుడు ఇది తేడా వస్తే చార్టు మొత్తం తేడా. ఇంకోటి, ఉత్తరం వైపు 'టీ' అంటే చాలామందికి రాత్రి భోజనం. 'ఐ హావెంట్ హాడ్ మై టీ' అన్న షుగర్ పేషెంట్‌కు కప్పు టీ ఇచ్చి ఊరుకుంటే ఆయన అన్నం తినకుండా ఉన్నాడన్న సంగతి నీకు తెలియదు. ఇన్సులిన్ ఇచ్చే ముందు 'హావ్ యూ ఈటెన్?' అని సూటిగా అడుగు.

'సర్జరీ' అంటే కూడా ప్రతిసారీ ఆపరేషన్ కాదు. ఊళ్లో జీపీ, అంటే మామూలు జబ్బులు చూసే డాక్టరు, కూర్చునే క్లినిక్కును సర్జరీ అంటారు. 'ఐ వెంట్ టు ద సర్జరీ ఆన్ మండే' అంటే డాక్టరుకు చూపించుకున్నానని.

ఇవేవీ నువ్వు మాట్లాడక్కర్లేదు. వింటే తెలియాలి, అంతే.

కోనసీమ నర్సు (అమలాపురం)

అక్కా, మీ పోస్టు ప్రింటు తీయించి మా బ్యాచ్‌కు పంచుతున్నాను. టీ సంగతి వింటే భయమేసింది నిజంగా.

ఇంకో డౌటు. స్పీకింగ్‌లో మార్కులు రావాలంటే ఇడియమ్స్ వాడి తీరాలని మా కోచింగ్ సారు అంటున్నారు. నిజమేనా?

లీడ్స్‌లో లంకమ్మాయి

ఐఈఎల్‌టీఎస్ అనే ఇంకో ఇంగ్లీషు పరీక్ష మార్కుల పట్టికలో బ్యాండ్ 7 దగ్గర 'ఇడియమాటిక్' అన్న మాట ఉంది. అరుదైన మాటలూ, నుడికారంతో కూడిన మాటలూ కొన్ని వాడగలగాలని. దాన్ని పట్టుకుని ప్రతి జవాబులోనూ ఒక 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' (ఎప్పుడో అరుదుగా) గుచ్చేస్తారు. ఎగ్జామినరు ఆ మాటలు రోజుకు ఎన్నిసార్లు వింటాడో ఊహించుకో. సహజంగా పొసిగే మాట కావాలి, అలంకారం కాదు.

నీది ఓఈటీ కదా, అక్కడ సంగతే వేరు. స్పీకింగ్‌లో రెండు రోల్ ప్లేలు, ఒక్కోటీ ఐదు నిమిషాలు. పేషెంటుకు అర్థమయ్యేలా చెప్పావా, ఆవిడ కంగారు గమనించావా అన్నవి చూస్తారు. నర్సే ఇడియమ్స్‌తో మాట్లాడితే పేషెంటుకు ఏం అర్థమవుతుంది?

వశిష్ఠ గట్టు (నరసాపురం)

అదీ! నేనన్నదీ అదే కదా. మాట్లాడక్కర్లేదు.

లీడ్స్‌లో లంకమ్మాయి

మీరన్నది అసలు అక్కర్లేదని అన్నయ్యగారూ. నేనంటున్నది వినడానికి కావాలని. పేషెంటు నొప్పితో ఉంటాడు. నా కోసం భాష మార్చుకోడు. మార్చుకోమని అడగలేం కూడా.

పైగా మీరు చెప్పిన మన ఇంగ్లీషులో ఒకటి ఇక్కడ ప్రమాదం. 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019' అంటే మనకు చదువు పూర్తయిందని. ఇక్కడ అది స్పృహ తప్పి పడిపోవడం. ఇంటర్వ్యూలో ఒకమ్మాయి అలా అంటే ప్యానెల్లో ఒకావిడ 'ఓ డియర్' అంది. 'గ్రాడ్యుయేటెడ్' అంటే సరిపోయేది. చివరి మాట మారి 'పాస్డ్ అవే' అయితే చనిపోవడం. ఆ మూడు అర్థాలూ విడివిడిగా తెలిసి ఉండాలి.

వశిష్ఠ గట్టు (నరసాపురం)

అది ఒప్పుకుంటాను. ప్రీపోన్‌ను మాత్రం వదలను. అంత పనికొచ్చే మాట ఇంగ్లండు వాడికి తట్టకపోతే తప్పు నాది కాదు.

కాలువగట్టు మాస్టారు (మండపేట)

ప్రీపోన్‌కు నా ఓటు కూడా వేసుకోండి.

లంకమ్మాయి చెప్పిన 'పాస్డ్ అవుట్', 'పాస్డ్ అవే' దగ్గరే అసలు సరుకుంది. ఒక చిన్న క్రియ, దాని తోక మారితే అర్థం మారిపోతుంది. ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు. మన పుస్తకాల్లో వీటికి చివర ఒక పేజీ ఇచ్చి, పిల్లులకు కుక్కలకు ముందు పేజీలిచ్చారు. తిరగేసి ఇవ్వాల్సింది. నర్సుకు కావాల్సినవి చూడు: మందు ప్రభావం తగ్గిపోతే 'వేర్ ఆఫ్', మత్తులోంచి తెలివి రావడం 'కమ్ రౌండ్', వాంతి 'త్రో అప్', ఒళ్లంతా దద్దుర్లు 'బ్రేక్ అవుట్ ఇన్ ఎ ర్యాష్', సిగరెట్లు తగ్గించడం 'కట్ డౌన్ ఆన్', పూర్తిగా మానెయ్యడం 'గివ్ అప్'. వీటిని పేజీగా చదవకు. మీ వార్డులో ఒక్కో మంచం దగ్గర నిలబడి, ఈయనకు ఏది వర్తిస్తుందో మనసులో చెప్పుకో. ఆపరేషన్ అయిన పేషెంటు కళ్లు తెరిస్తే 'హీ ఈజ్ కమింగ్ రౌండ్' అనుకో. మాట మనిషితో పాటు గుర్తుండిపోతుంది.

ఇంకో సంగతి. ఇడియమ్‌కు రిపేర్లు చెయ్యకూడదు. 'పీస్ ఆఫ్ కేక్' అంటే నల్లేరు మీద బండి నడక. అదే 'పీస్ ఆఫ్ ద కేక్' అంటే నిజంగానే కేకు ముక్క అడుగుతున్నావని ప్లేటు తెస్తారు.

బీటెక్_తణుకు

సార్, మరి మన సామెతలను ఇంగ్లీషులో అంటే? మా ఫ్రెండు ఇంటర్వ్యూలో 'మై కజిన్ ఈజ్ ఈటింగ్ మై హెడ్' అన్నాడు. హెచ్ఆర్ నవ్వింది, సెలెక్ట్ కూడా అయ్యాడు.

కాలువగట్టు మాస్టారు (మండపేట)

హెచ్ఆర్ హైదరాబాదావిడ అయి ఉంటుంది, అందుకే నవ్వింది. అలా అని అన్నీ చెల్లవు. తల తినడానికి బ్రిటన్‌లో దగ్గరగా ఉన్నది 'డూయింగ్ మై హెడ్ ఇన్'. తినడం లేదు, తల మాత్రం ఉంది.

కొన్ని జతలు చక్కగా కుదురుతాయి. గోరుచుట్టు మీద రోకలిపోటుకు 'యాడింగ్ ఇన్సల్ట్ టు ఇంజరీ'. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి, గుర్రం పారిపోయాక లాయం తలుపు మూసే మాటొకటి ఉంది వాళ్లకు. కొన్ని దగ్గరగా ఉన్నట్టు ఉంటాయి గానీ మోసం. గోడ మీద పిల్లికి 'సిటింగ్ ఆన్ ద ఫెన్స్' అని గైడుల్లో వేస్తారు. మన పిల్లి ఎటు లాభమైతే అటు దూకడానికి చూస్తుంటుంది. వాళ్ల ఫెన్సు మీద మనిషి ఎటూ తేల్చుకోకుండా కూర్చుంటాడు. మన మాటలో తిట్టు పాలు ఎక్కువ.

యానాం తాతయ్య

మా చిన్నప్పుడు యానాంలో ఫ్రెంచి చెప్పేవాళ్లు. ఫ్రెంచిలో కుండపోత వానకు తాళ్లు కురుస్తున్నాయంటారు. ఇంగ్లీషు వాడికి పిల్లులూ కుక్కలూ, ఫ్రెంచి వాడికి తాళ్లు, మనకు కుండలు. మా గోదారి గట్టు మీద మూడూ కురిశాయి.

డాలస్ పాలకొల్లు

తాతయ్య గారికి నమస్కారం. ఈ థ్రెడ్డుకు ఇది చాలు!

లేసు పనమ్మ (నరసాపురం మండలం)

నేను ఇంగ్లీషు పెద్దగా రానిదాన్నండి. మా ఇంటి చుట్టుపక్కల ఆడవాళ్లు అల్లే లేసు నేను పోగుచేసి ఎక్స్‌పోర్ట్ చేసేవాళ్లకు ఇస్తాను. వాళ్లు బయ్యర్ మెయిల్ ఫార్వర్డ్ చేస్తారు, మా అమ్మాయి చదివి చెబుతుంది. మొన్న ఒక మెయిల్లో 'జస్ట్ ఎ ఫ్యూ లూజ్ ఎండ్స్ టు టై అప్' అని ఉంది. సరుకులో దారం కొసలు వదిలేశామేమోనని నాకు టెన్షన్. లేసు అల్లడం అయ్యాక కొసను సూదితో లోపలి గళ్లల్లోంచి నాలుగైదుసార్లు తిప్పి దాచెయ్యాలి, లేకపోతే ఉతికితే ఊడొస్తుంది. అలా వదిలితే సరుకు వెనక్కొస్తుంది. శాంపిల్ టేబుల్‌క్లాత్ మళ్లీ పరిచి అంచంతా వేలితో తడిమి చూశాను, ఒక్క కొస కూడా లేదు.

తర్వాత తెలిసింది, పేమెంటు కాగితాలు, పెట్టెల సైజు లాంటి చిన్న చిన్న పనులు మిగిలాయని దానర్థమట. అదే బయ్యరు పసుపు రంగు డిజైను గురించి 'నాట్ రియల్లీ అవర్ కప్ ఆఫ్ టీ' అని రాశాడు. అది మాత్రం మా అమ్మాయి వెంటనే చెప్పింది, నచ్చలేదని. ఇంత మెత్తగా నచ్చలేదంటే మేం బాగుందేమో అనుకుంటాం కదండీ.

భీమవరం_రొయ్య

అమ్మా, మీది అసలైన కేసు. మీకు లూజ్ ఎండ్స్ నిజంగానే ఉంటాయి.

మెత్తగా అనడం గురించి ఒక మాట. 'వీ విల్ కీప్ ఇట్ ఇన్ మైండ్', 'ఇంట్రెస్టింగ్', 'విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్' లాంటివి వినపడగానే మా ఆఫీసులో సంబరపడేవాళ్లు. మొదటి రెండూ చాలాసార్లు కాదనడమే. మూడోది వచ్చిందంటే తర్వాత వచ్చే వాక్యంలో దెబ్బ ఉందని.

వశిష్ఠ గట్టు (నరసాపురం)

నీళ్ల మాటలు ఎవరూ ఎత్తలేదేంటి, డెల్టా వాళ్లమై ఉండి? మా బావమరిది సఖినేటిపల్లి అవతల నుంచి పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) ఎక్కి వచ్చి ఇక్కడ పనిచేసేవాడు. ఒకరోజు పంటు వెళ్లిపోయింది. మేనేజరు బెంగళూరాయనకు 'సార్, ఐ మిస్డ్ ద బోట్' అని మెసేజ్ పెట్టాడు. ఏ అవకాశం పోయింది, ఏ టెండరు పోయిందని ఆయన ఫోన్ మీద ఫోన్. వీడేమో రేవులో నిలబడి 'సార్, ఇంకో అరగంటలో ఇంకోటొస్తుంది' అంటాడు.

కాలువగట్టు మాస్టారు (మండపేట)

అద్భుతం. అన్నది అక్షరాలా నిజం, విన్నది ఇడియమ్.

నీళ్ల మాటల్లో మనకు చిటికెలో పట్టుబడేది 'వాటర్ అండర్ ద బ్రిడ్జ్'. జరిగిపోయింది, ఇక తవ్వుకోవద్దు అని. ధవళేశ్వరం గేట్ల కిందనుంచి పోయిన నీళ్లు సముద్రానికే. కాటన్ దొర 1847 నుంచి 1852 దాకా ఆనకట్ట కట్టింది ఆ నీళ్లు కాలువల్లోకి మళ్లాలని. దాటిపోయినవాటి కోసం లాకుల దగ్గర ఎంత కొట్టుకున్నా తిరిగి రావు. ఈ ఉదాహరణ చెప్పాక మా క్లాసులో ఎవరూ ఆ మాట మర్చిపోలేదు.

'కీపింగ్ మై హెడ్ అబవ్ వాటర్' అంటే అప్పులు, ఖర్చుల మధ్య ఎలాగో నెట్టుకొస్తున్నానని. వరదలో లంక ఊళ్లు చూసినవాళ్లకు వివరం అక్కర్లేదు. 'ఇన్ హాట్ వాటర్' అంటే మాత్రం స్నానం కాదు, ఇరుక్కోవడం.

బీటెక్_తణుకు

సార్, ఇంటర్వ్యూకు ఒక్క పది చెప్పండి చాలు. పీడీఎఫ్ అడగను.

కాలువగట్టు మాస్టారు (మండపేట)

పది కాదు గానీ నాలుగు చెబుతాను. ప్రశ్న అర్థం కాకపోతే 'కుడ్ యూ రన్ దట్ బై మీ అగైన్?' ఆలోచించుకోవాలంటే 'లెట్ మీ థింక్ దిస్ త్రూ.' తెలియకపోతే 'ఐ హావెంట్ కమ్ అక్రాస్ దట్ యెట్.' టీమ్‌లో గొడవ ఎలా పరిష్కరించావంటే 'వీ సార్టెడ్ ఇట్ అవుట్' అని మొదలుపెట్టి ఎలాగో చెప్పు. 'టు కట్ ఎ లాంగ్ స్టోరీ షార్ట్' అని మాత్రం అనకు. అలా అన్నవాడు కథ కుదించగా నేను చూడలేదు.

కోనసీమ నర్సు (అమలాపురం)

నేను ఇవాళ రోల్ ప్లే ప్రాక్టీసు చేశాను. కాలికి ఆపరేషన్ అయిన పెద్దాయన, ఇంటికి వెళ్లాలని కంగారు పడుతున్నాడు. నేనన్నది ఇది: 'ఐ కెన్ సీ దిస్ ఈజ్ గెటింగ్ యూ డౌన్. బేర్ విత్ మీ, ఐ విల్ ఫైండ్ అవుట్ వెన్ ద డాక్టర్ ఈజ్ కమింగ్ రౌండ్.' బాగుందా అక్కా?

లీడ్స్‌లో లంకమ్మాయి

చాలా బాగుంది. 'గెటింగ్ యూ డౌన్' సరిగ్గా పడింది, దిగులుగా ఉన్నారు కదా అని అర్థం. 'బేర్ విత్ మీ' ఇక్కడ నర్సులు పొద్దస్తమానం అంటారు. 'కమింగ్ రౌండ్' మాత్రం మార్చు. డాక్టరు రౌండ్స్‌కు వస్తున్నాడా, మత్తులోంచి తేరుకుంటున్నాడా అన్న అనుమానం రాకూడదు. 'వెన్ ద డాక్టర్ విల్ సీ యూ' చాలు.

ఇంకోటి రాయడం మర్చిపోయాను, అన్నిటికంటే ఇదే ముఖ్యం. ఇక్కడి పెద్దవాళ్లను ఎలా ఉన్నారంటే 'నాట్ టూ బ్యాడ్' అంటారు, లేకపోతే 'మస్సెంట్ గ్రంబుల్' (సణగకూడదులే) అంటారు. తుంటి ఎముక విరిగినవాళ్లు కూడా అదే అంటారు. వాళ్ల పద్ధతిలో నొప్పి గురించి గోల చెయ్యకూడదు. నువ్వు ఆ మాట నమ్మి పెయిన్ కిల్లర్ ఆలస్యం చేశావంటే రాత్రంతా ఓర్చుకుని పడుంటారు. కాబట్టి మాట వినేసి ఊరుకోకుండా సున్నా నుంచి పది దాకా ఎంత నొప్పి ఉందని అంకె అడుగు. మొహం చూడు, మంచం కమ్మీ ఎంత గట్టిగా పట్టుకున్నారో చూడు.

కోనసీమ నర్సు (అమలాపురం)

అంకె ఇక్కడ కూడా అడుగుతామక్కా. మన వాళ్లయితే పదికి పన్నెండు అంటారు, పక్కనున్న చుట్టాలు పదిహేను అంటారు. అక్కడ నాలుగు అంటే ఎంతనుకోవాలో వచ్చాక మీ దగ్గరే నేర్చుకుంటాను.